ఆ బొమ్మలో నిలువుగా ఉన్నది లోతు కాదు, టైం

ఖండం ముగిసి మహాసముద్రం మొదలయ్యే చోట అడుగున ఏముందో శబ్దం పంపి చూపించే సీస్మిక్ బొమ్మలు ఎంత బాగుంటాయంటే, భూమిని కత్తితో నిలువునా కోసి ఫోటో తీశారేమో అనిపిస్తుంది. నా పేచీ అంతా అక్కడే. చాలా బొమ్మల్లో నిలువు గీత మీద ఉండేవి కిలోమీటర్లు కాదు, సెకన్లు. అంటే శబ్దం కిందికి పోయి తిరిగి రావడానికి పట్టిన టైం.

ఓడ వెనక ఎయిర్ గన్లు గాలిని ఒక్కసారిగా వదులుతాయి, ఆ శబ్దం రాతిపొరలకు తగిలి పైకి వస్తే, ఓడ ఈడ్చుకెళ్లే కిలోమీటర్ల పొడవు కేబుల్‌లోని హైడ్రోఫోన్లు, అంటే నీటి మైకులు, పట్టుకుంటాయి. పొరల ఆకారం, ఫాల్టులు (రాయి విరిగి జరిగిన చోట్లు) ఇందులో బాగా తెలుస్తాయి. కానీ శబ్దం వేగంగా పోయే గట్టి రాయి పైన ఉంటే దాని కిందున్న పొర నిజంగా ఉన్నచోటి కంటే పైకి లేచినట్టు కనిపిస్తుంది, మెత్తటి మట్టిపొరలు మందంగా ఉంటే కిందికి జారినట్టు. వేగం తెలియకుండా "ఇక్కడ వంపు ఉంది" అనేవాళ్లను చూస్తే నాకు టెన్షన్.

ఆ వేగం కోసమే సముద్రం అడుగున పరికరాలు దించి, పదుల కిలోమీటర్ల దూరం నుంచి లోతుల్లో వంగి ప్రయాణించి వచ్చే తరంగాలను రికార్డు చేస్తారు. ఖండం కింద భూపటలం మామూలుగా 30 నుంచి 40 కిలోమీటర్ల మందం, మహాసముద్రం కింద 6, 7 మాత్రమే. ఈ రెంటి మధ్య అది ఎలా సాగి పలచబడిందన్నదే అసలు కథ. భూపటలం కిందుండే మాంటిల్‌లో శబ్దం వేగం సెకనుకు సుమారు 8 కిలోమీటర్లు, భూపటలంలో అంతకంటే తక్కువ, కాబట్టి రెంటి మధ్య హద్దు సులువుగా దొరకాలి కదా?

దొరకదు. భూపటలం పూర్తిగా చిరిగిన చోట సముద్రపు నీరు పగుళ్ల గుండా దిగి మాంటిల్ రాయిని సర్పెంటైన్ అనే నీరు కలిసిన ఖనిజంగా మార్చేస్తుంది, దాంతో వేగం 7కి, ఇంకా కిందికి కూడా పడిపోతుంది. భూపటలం అడుగున ఉండే గాబ్రో అనే రాయిలో వేగమూ దాదాపు అంతే! స్పెయిన్‌కు పడమర గలీసియా తీరం దగ్గర 1985లో, పోర్చుగల్ ముందు 1993లో డ్రిల్ చేస్తే నిజంగానే అలా మారిన మాంటిల్ రాయి బయటపడింది. దాన్ని నమూనాగా పెట్టుకుని, దక్షిణ చైనా సముద్రంలోనూ అదే దొరుకుతుందేమో చూద్దామని 2017లో డ్రిల్ చేస్తే మాంటిల్ రాయి కాదు, బసాల్ట్, అంటే గడ్డకట్టిన లావా, వచ్చింది.

డ్రిల్లు అన్నిచోట్లా వేయలేం. రాయిని పక్కలకు ఊపుతూ పోయే ఎస్ తరంగాల వేగం కూడా తెలిస్తే అనుమానం కొంత తగ్గుతుంది, ఎందుకంటే సర్పెంటైన్ ఎక్కువయ్యే కొద్దీ అవి పి తరంగాల (ఇంతదాకా చెప్పిన, శబ్దంలా నొక్కుతూ పోయే తరంగాల) కంటే ఎక్కువగా నెమ్మదిస్తాయి. అయితే అవి నీళ్లలో ప్రయాణించవు, నీళ్లలో తేలే కేబుల్‌కు నేరుగా అందవు, అడుగున నేలకు ఆనుకుని కూర్చుని నేల కదలికను పట్టే జియోఫోన్‌కే అందుతాయి. అందుకే బడ్జెట్ నా చేతిలో ఉంటే కేబుల్ ఇంకాస్త పొడుగు చేయడానికి కాకుండా, అడుగున పరికరాలు దగ్గరదగ్గరగా దించడానికే ఖర్చు పెడతాను.