కొలిచేది ఎవరి పూర్వీకులను?

మేముండే స్కాట్లాండ్‌లో, ఇన్వర్నెస్ నగరానికి తూర్పున, నెయిర్న్ నది లోయలో, క్లావా అనే చోట సుమారు 4,000 ఏళ్ళ నాటి రాతిగుట్ట సమాధులు ఉన్నాయి. వాటిలో రెండింటి లోపలికి సన్నటి దారి ఉంది. పగలు అతి చిన్నదయ్యే డిసెంబరు రోజుల్లో సాయంత్రపు ఎండ ఆ దారి గుండా లోపలి గదిలో పడుతుంది. కట్టిన వెయ్యేళ్ళకు మరెవరో వచ్చి అక్కడే తమవాళ్ళనూ ఉంచారు. ఈ సంగతి విన్నప్పుడు మా అమ్మాయి, "తర్వాత వచ్చినవాళ్ళు వీళ్ళ మనవలేనా? కాకపోయినా ఫరవాలేదా?" అని అడిగింది. ఇక్కడే పుట్టి, ఇక్కడి యాసలోనే మాట్లాడుతూ, "మీ సొంత ఊరేది?" అన్న ప్రశ్నకు తరచూ జవాబు చెప్పుకోవలసిన పిల్ల అది. ఫరవాలేదనే అన్నాను.

క్లావాకు బోర్డులున్నాయి, సందర్శకులున్నారు. చుట్టుపక్కల కొండల మీది పేరులేని రాతిగుట్టలకు అవేవీ లేవు. ఊళ్ళోని ఔత్సాహికులతో కలిసి మేము కొలిచేది వాటినే. చలికాలం చివర్లో వెళ్తాం. వేసవిలో బ్రాకెన్ అనే ఫెర్న్ మొక్క నడుమెత్తు పెరిగి అన్నిటినీ కప్పేస్తుంది. చలికాలపు ఏటవాలు ఎండలోనైతే చిన్న మిట్ట కూడా తన నీడతో బయటపడుతుంది. రాళ్ళ కుప్ప కనబడగానే సంబరపడకూడదు. పొలం దున్నుకోవడానికి రైతులు ఏరి పోసిన రాళ్ళు కూడా అలాగే ఉంటాయి. అంచున పాతిన పెద్ద రాళ్ళు వలయంగా ఉంటే అది పాత సమాధేనన్న ఆశ పుడుతుంది. మధ్యలో గుంట ఉంటే గోడల కోసం ఎవరో రాళ్ళు పెకలించుకుపోయి ఉండవచ్చు. టేపుతో రెండు వైపులా కొలుస్తాం, ఎరుపు తెలుపు పట్టీల కొలకర్ర ఆనించి ఫోటో తీస్తాం, మ్యాపులో స్థానం రాసుకుంటాం. ఏదీ తవ్వం, ఏ రాయీ కదపం.

ఒకసారి మా చిన్నవాడు గుట్ట మీద రాయి మీద రాయి పేర్చబోయాడు. తిరుమల కొండ మీద అమ్మమ్మతో అలాగే పేర్చి, సొంతిల్లు కావాలని మొక్కుకున్నాడు మరి. బృందంలోని పెద్దాయన వాడిని కసురుకోలేదు. ఈ రోజు పెట్టిన రాయి రేపు కొలిచేవాళ్ళను తప్పుదారి పట్టిస్తుందని ఓపికగా చెప్పారు. వాడు చిన్నబుచ్చుకున్నాడు. తిరుమలలో చేసింది తప్పు కాదనీ, ఇక్కడ మాత్రం చేయి వెనక్కి తీసుకోవాలనీ నేను చెప్పాను. పరాయి దేశంలో పిల్లల్ని పెంచడంలో నాకు అన్నిటికన్నా కష్టమైన పని ఇదే: ఒక చోటి పద్ధతిని చెబుతూ మరో చోటి పద్ధతిని తక్కువ చేయకుండా ఉండడం. సమాధుల దగ్గర తిరిగి వచ్చాక స్నానం చేయనిదే ఇంట్లో ఏదీ ముట్టుకోవద్దని మా అమ్మ పెట్టిన నియమాన్నీ పిల్లలు పాటిస్తున్నారు.

అమ్మది నారాయణపేట వైపు. అక్కడి ముడుమాల్ నిలువురాళ్ళు 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరాయి. వాటికీ ఇక్కడి గుట్టలకూ చుట్టరికం లేదని పిల్లలకు ముందే చెప్పాను. లేని బంధం అల్లి ఊరి మీద ప్రేమ పుట్టించడం నాకిష్టం లేదు. సెలవుల్లో తీసుకెళ్తాను, చూసి వాళ్ళే తేల్చుకుంటారు. అక్కడి రాళ్ళను కొలవాలంటే ఎవరి అనుమతి తీసుకోవాలని అమ్మాయి ఇప్పటికే అడుగుతోంది. ఆ సంగతి కనుక్కోమని మా మేనమామకు చెప్పాను.