అయిదున్నరకీ ఆరుకీ మధ్య

పదకొండున్నర దాటింది. అత్తయ్య గదిలో లైటు కూడా ఆరిపోయింది. నాకే నిద్ర పట్టడం లేదు.

కారణం ఒక నీలం గీత. నేను స్టాకు ప్రోగ్రాం సరిచేసిచ్చిన గోడౌన్ వాళ్ల అకౌంట్స్ అబ్బాయి నా ఇన్వాయిస్ ప్రింటు తీసి, మూడో వరుసను పెన్నుతో కొట్టేసి, ఫొటో తీసి మెయిల్ పెట్టాడు. "పరిశీలన - 2 రోజులు" అని నేను రాసిన వరుస అది. పక్కన "కోడ్ మార్పు రెండు లైన్లే" అని రాశాడు. మిగతా డబ్బు సాయంత్రమే పడింది.

నిజమే, రెండు లైన్లే.

ఆ గోడౌన్ గొడవ నెల రోజుల నాటిది. స్టాకు రిపోర్టులో రోజూ మూడు నాలుగు బండ్ల తేడా వచ్చేది. సర్వర్ గడియారం యూటీసీలో, అంటే ప్రపంచమంతా ఒకే లెక్కగా పెట్టుకున్న టైములో నడుస్తుంది. మన టైము దానికన్నా 5 గంటల 30 నిమిషాలు ముందు. అంటే అక్కడ తేదీ మారేసరికి మనకు తెల్లవారి అయిదున్నర. ఎవరు చూసినా ఇండియా టైముకి మార్చేస్తే సరిపోతుంది అంటారు. మొదటి రోజు నేనూ అదే అన్నాను. అలా మార్చి ఉంటే తేదీ అర్ధరాత్రి మారేది, నైట్ షిఫ్టు రెండు ముక్కలయ్యేది. ఎందుకంటే ఆ గోడౌన్‌లో రోజు మొదలయ్యేది ఉదయం ఆరింటికి. రాత్రి రెండింటికి వెళ్లిన బండి కూడా వాళ్లకు నిన్నటిదే. ఇన్నాళ్లూ ఆ యూటీసీ గడియారమే దాదాపు సరైన లెక్క చూపిస్తూ వచ్చింది. తేడా అంతా అయిదున్నరకీ ఆరుకీ మధ్య గేటు దాటిన బండ్లదే. రెండు రాత్రులు గేటు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటే తెలిసింది ఇది.

పైగా ఇన్వాయిస్ పోయిన నెలది. జీఎస్టీఆర్-1లో, అంటే జీఎస్టీకి బిల్లులు చూపించే రిటర్నులో ఎక్కేసింది. కొట్టేసిన ఆ వరుసతో సహా 18 శాతం కట్టేశాను కూడా. డబ్బు చేతికి రాకపోయినా ఇన్వాయిస్ రాశాక పన్ను కట్టాల్సిందే. జీతం తీసుకున్నన్నాళ్లూ ఈ బాధ ఉంటుందనే తెలియదు నాకు. ఇప్పుడు సర్దాలంటే క్రెడిట్ నోట్, అంటే బిల్లులో ఇంత తగ్గిస్తున్నానని కాగితం ఇవ్వాలి. అంటే ఆ రెండు రోజుల పనికి డబ్బు అడగకూడదని నా చేత్తో నేనే రాసివ్వాలి. అక్కడే మండుతోంది.

ఇదే మాట మీద పొద్దుటి నుంచీ తణుకు వైపు మిల్లు గుర్తొస్తోంది. 2012. ఉద్యోగం మానేసి మూడు నెలలు. పెద్దది కడుపులో ఉంది. మావయ్య మాట సాయంతో దొరికిన మొదటి పని అది, రైస్ మిల్లుకి కాటా లెక్కల ప్రోగ్రాం. కాటా పక్కన చిన్న గది, గోడలకి తవుడు దుమ్ము, ఫ్యాను తిరిగితే కాగితాలు ఎగిరిపోతాయని గుమస్తాగారు దాన్ని వేయనిచ్చేవారు కాదు. బస్తా 75 కిలోలు, గోనె సంచి బరువు తీసెయ్యాలి, తేమ 17 శాతం దాటితే తరుగు. ఇవన్నీ ఆయన చెబుతుంటే రాసుకున్నాను. తేదీ మాత్రం మీరు వేయక్కర్లేదు, కంప్యూటరే వేసుకుంటుంది అని గొప్పగా చెప్పాను.

ఆయన పెన్సిల్ చెవి మీద పెట్టుకుని, "అలా కుదరదమ్మా. కోతల్లో ఆఖరి లారీ దిగేసరికి ఒక్కోసారి రెండవుద్దండి. రెండైనా అది ఆ రోజు సరుకే. పుస్తకం మూసేదాకా రోజు అవ్వదండి, ఆయ్" అన్నారు.

మూడు రోజులు కూర్చున్నాను ఆయన పక్కన. మధ్యాహ్నం నాకోసం ఇంటి నుంచి మజ్జిగ తెప్పించేవారు. అన్ని సర్వర్లు చూశాను ఇన్నేళ్లలో, ఈ పని నాకు నేర్పింది మాత్రం ఆయనే. మొన్న ఆ గేటు దగ్గర కూర్చోవాలని తట్టిందంటే ఆయన మాట వల్లే.

ఇంతవరకూ రాశాక ఆ పాత బిల్లు వెతికి చూశాను. అందులో ఆ మూడు రోజులు లేవు. "ప్రోగ్రాం తయారీ" అని ఒకటే వరుస. ఆ తర్వాత చేసిన పనుల బిల్లులూ తిరగేశాను, ఎక్కడా లేదు. వినడం, చూడటం, కాగితం మీద గీసుకోవడం, అన్నీ కోడు లెక్కలోనే కలిపేస్తూ వచ్చాను. ఆ అబ్బాయికి "పరిశీలన" అన్న ముక్క తప్ప నేనేం చూపించాను? సరుకు చూడకుండా డబ్బివ్వకపోవడం అతని ఉద్యోగం. పొద్దున అతని మీద ఈయన దగ్గర అన్న మాటలు అనకుండా ఉండాల్సింది.

అయినా క్రెడిట్ నోట్ ఇవ్వను. గంట క్రితం ఇచ్చేసి వదిలేద్దామనుకున్నాను. ఇప్పుడు లేదు.

చెప్పడం మరిచాను, గోడౌన్ సూపర్‌వైజర్ గారు మధ్యాహ్నం వాయిస్ మెసేజ్ పెట్టారు. వారం నుంచి స్టాకు ఒక్క బండి కూడా తేడా రాలేదట. రెండుసార్లు విన్నాను.

గేటు దగ్గర రాసుకున్న నోట్‌బుక్ పేజీ తీశాను. 5.34, 5.41, 5.47, 5.52. నాలుగు బండ్లు, పక్కన నంబర్లు, కింద "వీటిని నిన్నటి పుస్తకంలో రాస్తున్నారు, ఎందుకు?" అని గుండ్రం చుట్టిన ప్రశ్న. దీన్ని ఫొటో తీసి అకౌంట్స్ అబ్బాయికి పంపుతాను. ట్యూబ్‌లైటు కింద తీస్తే నా చెయ్యి నీడే పడుతోంది. రేపు బాల్కనీలో ఎండ వచ్చాక తీయాలి.