ఎఫ్ ఫోర్ ఎక్కడికి పోయిందండీ?

“ఎఫ్ ఫోర్ ఎక్కడికి పోయిందండీ?”

హలో లేదు, పేరు లేదు. కొత్త వెర్షన్ వదిలిన మర్నాడు, సోమవారం పొద్దున్నే సపోర్ట్ వాళ్లు నాకు కలిపిన మొదటి ఫోన్ ఇది. అవతల ఒక ఆస్పత్రి బిల్లింగ్ కౌంటర్‌లో కూర్చునే ఆవిడ. వెనక జనం గోల వినిపిస్తోంది.

“ఎడమవైపు మెనూ ఉంది కదా మేడమ్, అందులో బిల్లింగ్ నొక్కి, తర్వాత కొత్త బిల్లు అని...”

“అది చూశానండీ. క్లిక్ చేస్తే వస్తోంది. నా ముందు ఇరవై మంది నిలబడున్నారు. ఎఫ్ ఫోర్ నొక్కితే ఏమీ రావట్లేదు. అది ఎక్కడ పెట్టారో చెప్పండి చాలు.”

పాత వెర్షన్‌లో కీబోర్డు పై వరసలోని ఎఫ్ ఫోర్ మీట నొక్కితే కొత్త బిల్లు తెరుచుకునేది. కొత్తదాంట్లో దాన్ని ఎక్కడా పెట్టలేదు. తీసేశాం. తీసేయమన్నది నేనే.

సాఫ్ట్‌వేర్ తెరలు డిజైన్ చేయడం నా ఉద్యోగం. ఆ ఆస్పత్రి సాఫ్ట్‌వేర్‌ని పద్నాలుగు నెలలు కూర్చుని కొత్తగా చేశాం. పాత తెర నిజంగానే వికారంగా ఉండేది. బూడిద రంగు, చీమల్లాంటి అక్షరాలు, ఒకే చోట కుక్కిన నలభై గళ్లు. కొత్తది చూస్తే కళ్లకు హాయిగా ఉంటుంది. డెమో రోజు పై వాళ్లంతా చప్పట్లు కొట్టారు. వదిలేముందు ఎనిమిది మందిని కూర్చోబెట్టి పరీక్షించాం కూడా. ఎనిమిది మందీ తడబడకుండా బిల్లు చేసేశారు. ఆ ఎనిమిది మందిలో ఒక్కరు కూడా పాత సాఫ్ట్‌వేర్ వాడినవాళ్లు కారన్న సంగతి అప్పుడు ఎవరికీ తట్టలేదు.

గురువారం వెళ్లి ఆవిడ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఇంకో కంప్యూటర్లో పాత వెర్షన్ శిక్షణ కోసం ఉంచారు. ముందు అందులో చేసి చూపించమన్నాను. ఎఫ్ ఫోర్, రోగి నంబరు, ఎంటర్, ఎంటర్, పరీక్ష కోడు, ఎంటర్, ఎఫ్ నైన్. ప్రింటర్ కదిలింది. ఆవిడ ఒక్కసారి కూడా తెర వైపు చూడలేదు. నా మొహం చూస్తూ, నాతో మాట్లాడుతూనే చేసింది. రోజూ కౌంటర్ ముందున్న మనిషి మొహం చూస్తూ చేసే పని అది.

తర్వాత మా కొత్త తెర. కుడిచెయ్యి కీబోర్డు వదిలి మౌస్ మీదికి, పేరు కొట్టడానికి మళ్లీ కీబోర్డు మీదికి, కింద తెరుచుకున్న జాబితాలోంచి పరీక్ష ఎంచుకోవడానికి మళ్లీ మౌస్ మీదికి. వెతుకుడు పెట్టెలో మూడక్షరాలు కొట్టాక అది ఒక క్షణం ఆలోచిస్తుంది. ఆ క్షణం మా ఆఫీసులో లేదు, వాళ్ల నెట్‌వర్క్ మీద ఉంది. చివర్లో ‘మీరు ఖచ్చితంగా సేవ్ చేయాలనుకుంటున్నారా?’ అని ఒక చిన్న పెట్టె. ప్రతి బిల్లుకీ. ఆ వాక్యం రాసిందీ నేనే, మర్యాదగా ఉందని అప్పట్లో మురిసిపోయాను కూడా.

మానిటర్ కింద అంచున టేపుతో అంటించిన ఒక కాగితం ఉంది, పసుపెక్కిపోయింది. అందులో నీలం ఇంకుతో ఎఫ్ ఫోర్ కొత్త బిల్లు, ఎఫ్ సిక్స్ అడ్వాన్సు, ఎఫ్ నైన్ ప్రింటు, ఇలా పదకొండు వరసలు. రాత్రి డ్యూటీకి కొత్తగా వచ్చేవాళ్ల కోసం ఆవిడే రాసిందట. ఏళ్ల తరబడి మా కంపెనీ ఇచ్చిన శిక్షణంతా కలిపినా ఆ కాగితమంత పని చేసి ఉండదు. దాన్ని ఒక ఆదివారం రాత్రి చిత్తుకాగితం చేశాం.

“ఎలా ఉందండీ కొత్తది?” అని అడిగాను, అడక్కుండా ఉండాల్సింది.

“చూడ్డానికి బాగుందండీ. నాకు చూసే తీరిక లేదు.”

ఆఫీసుకొచ్చి ఇదంతా చెబితే మా ప్రొడక్ట్ మేనేజర్ ఒక స్లైడ్ తీశారు. ఇలాంటి సందర్భాల్లో ప్రతి కంపెనీలోనూ ఎవరో ఒకరు తీసే స్లైడే అది. 2006 సెప్టెంబరులో ఫేస్‌బుక్, స్నేహితుల కబుర్లన్నీ ఒకేచోట వరసగా చూపించే న్యూస్ ఫీడ్ పెట్టినప్పుడు వాడేవాళ్లు గగ్గోలు పెట్టారు. వద్దంటూ పెట్టిన గ్రూపులో కొద్ది రోజుల్లోనే లక్షల మంది చేరారు. ఫేస్‌బుక్ వెనక్కి తగ్గలేదు. ఇప్పుడు న్యూస్ ఫీడ్ లేని ఫేస్‌బుక్‌ను ఊహించలేం. కాబట్టి జనం అరుస్తారు, అలవాటు పడతారు. ఇదీ వాదన.

ఆ స్లైడ్‌లో లేని ముక్క ఒకటుంది. వెనక్కి తగ్గలేదు గానీ, ఫేస్‌బుక్ ఊరికే కూడా కూర్చోలేదు. ఏది ఎవరికి కనబడాలో ఎంచుకునే సెట్టింగులు కొద్ది రోజుల్లోనే ఇచ్చి, జుకర్‌బర్గ్ తప్పు ఒప్పుకున్నాడు. పైగా న్యూస్ ఫీడ్ ఎవరి చేతిలోని పనినీ లాక్కోలేదు. నిన్న చేయగలిగిన పని ఏదీ ఈరోజు చేయలేకపోవడం అన్నది అక్కడ లేదు. ఎఫ్ ఫోర్ సంగతి అలా కాదు.

రెండో స్లైడ్ అర్థశాస్త్రం. 1990లో కానెమన్, నెచ్, థేలర్ అనే ముగ్గురు పరిశోధకులు కలిసి ప్రచురించిన కాఫీ కప్పుల ప్రయోగం: చేతికి కప్పు ఇచ్చినవాళ్లు దాన్ని అమ్మడానికి అడిగిన ధర, కప్పు లేనివాళ్లు కొనడానికి ఇస్తామన్న ధరకు రెట్టింపు పైనే ఉంది. ఉన్నది పోతుందంటే మనిషి దాని విలువ ఎక్కువ చేసి చూస్తాడన్నమాట. ప్రయోగం మంచిదే. దాన్ని మా మీటింగుల్లో వాడే తీరుతోనే నా పేచీ. “చూశారా, ఇది ఒట్టి భ్రమ” అన్నట్టు వాడతారు. ఆవిడ పోగొట్టుకున్నది భ్రమ కాదు. ఒక్కో బిల్లుకు ఎన్ని క్షణాలు పోతున్నాయో నేను పక్కన కూర్చుని లెక్కపెట్టాను.

కొత్త తెర పెట్టి కూడా చేతి అలవాటును కాపాడటం సాధ్యమేనా అంటే, ఎక్సెల్ తెరిచి చూడండి. ఆఫీస్ 2007లో మైక్రోసాఫ్ట్ అందులోని పాత మెనూలన్నీ తీసేసి పైన రిబ్బన్ అనే బటన్ల పట్టీ పెట్టింది. అప్పుడూ తిట్లు తక్కువేం పడలేదు. కానీ విలువలు మాత్రమే పేస్ట్ చేయడానికి పాతవాళ్లు నొక్కే ఆల్ట్, ఈ, ఎస్, వీ అన్న వరస ఉంది కదా, అది ఎడిట్ మెనూలోంచి పుట్టింది. ఆ ఎడిట్ మెనూ పోయింది, వరస మాత్రం పోలేదు. ఆల్ట్, ఈ నొక్కితే పాత వెర్షన్ షార్ట్‌కట్ కొడుతున్నారని ఒక చిన్న పెట్టె కనబడుతుంది, మిగతా రెండూ నొక్కి ఎంటర్ కొడితే పనైపోతుంది. లెక్కల మనుషులు రిబ్బన్‌ను తిట్టుకుంటూనే జీతం పనులు చేసుకోగలిగారు. గుమ్మం మూసేసినా తాళంచెవి తిరుగుతూనే ఉంది. ఎవరో ఒక ఇంజనీరు ఆ మీటింగులో పట్టుబట్టి ఉంటాడని నా ఊహ. మా మీటింగులో అలాంటివాడు లేకపోయాడు.

అదే కంపెనీ 2012 అక్టోబరులో విండోస్ 8లో స్టార్ట్ బటన్ తీసేసినప్పుడు ఆ తెలివి ఏమైందో తెలియదు. ఎన్నో ఏళ్లుగా కోట్లాది మంది చూడకుండానే వెళ్లి నొక్కే మూల అది. ఆ ఖాళీలో వేరేవాళ్లు దుకాణం పెట్టారు. స్టార్‌డాక్ అనే కంపెనీ స్టార్ట్ 8 పేరుతో ఆ బటన్‌నూ మెనూనూ తెచ్చిపెట్టే చిన్న ప్రోగ్రాం 4.99 డాలర్లకు అమ్మింది. మనం ఉచితంగా ఇచ్చినదాన్ని తీసేస్తే, దాన్ని తిరిగి కొనుక్కోవడానికి జనం డబ్బులిచ్చారంటే, ఇంతకు మించిన సర్వే ఏముంటుంది? ఏడాదికి 8.1లో బటన్ తిరిగొచ్చింది, అసలు మెనూ కోసం 2015లో విండోస్ 10 దాకా ఆగాల్సొచ్చింది.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని కథ సోనోస్‌ది. ఇళ్లలో వాడే స్పీకర్ల కంపెనీ. 2024 మే 7న యాప్‌ను పూర్తిగా కొత్తగా రాసి వదిలారు. కొత్త అలారం పెట్టుకునే వీలు లేదు, స్లీప్ టైమర్ లేదు. చూపులేనివాళ్లకు తెర చదివి వినిపించే సదుపాయం సరిగ్గా పనిచేయలేదు. వందల డాలర్లు పోసి కొన్న స్పీకరు, గోడకు చెక్కుచెదరకుండా ఉంది, దాని చెవి మెలితిప్పే యాప్ మాత్రం మాట వినడం లేదు. కోపం రాకుండా ఎలా ఉంటుంది? ఇలాంటి మార్పుకు ధైర్యం కావాలని కంపెనీ తరఫున మొదట్లో సమాధానం వచ్చింది. మా మేనేజర్ స్లైడ్‌కి ఇది అన్న వరస. జూలై చివర్లో సీఈఓ ప్యాట్రిక్ స్పెన్స్ బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. ఆగస్టులో లెక్కలు బయటికొచ్చాయి: బాగుచేయడానికి 2 నుంచి 3 కోట్ల డాలర్లు, రెండు కొత్త ఉత్పత్తులు వాయిదా. అదే నెలలో వంద మంది దాకా ఉద్యోగాలు పోయాయి. 2025 జనవరిలో స్పెన్స్ కూడా వెళ్లిపోయాడు.

డబ్బు సంగతి అలా ఉంచండి. వాడేవాళ్లంతా అడిగింది ఒక్కటే: పాత యాప్ తిరిగివ్వండి. ఇవ్వాలనే అనుకున్నాం, పరీక్షించి చూస్తే సమస్యలు ఇంకా ముదిరేలా ఉన్నాయి అని స్పెన్స్ చెప్పాడు. ఎందుకంటే మారింది తెర ఒక్కటే కాదు. స్పీకర్లలో ఉన్న సాఫ్ట్‌వేర్, క్లౌడ్‌లో ఉన్న సాఫ్ట్‌వేర్ కూడా ముందుకు జరిగిపోయాయి. పాత యాప్‌కి ఆ భాష రాదు.

ఇది చదివినప్పుడు గుండె గుభేలుమంది, ఎందుకంటే మా కథా ఇదే. తెరతో పాటు వెనక డేటాబేస్ కూడా మార్చాం. “ఎలాగూ అంతా విప్పాం కదా” అని. ఆ సోమవారం పొద్దున్న వేసిన మొదటి బిల్లు కొత్త రూపంలోనే నమోదైంది. పాత వెర్షన్ తిరిగి పెడితే ఆ బిల్లులు దానికి కనబడవు. మధ్యాహ్నానికే వేల బిల్లులు. వెనక్కి వెళ్లే దారి మూసుకుపోవడానికి మాకు అరపూట పట్టింది.

ఫోటోలు పంపుకునే యాప్ స్నాప్‌చాట్, జనం ఓట్లతో వార్తల లింకులు పైకి తెచ్చే సైటు డిగ్, ఈ రెండింటి కథలూ ఇలాంటివే. 2018 మొదట్లో స్నాప్‌చాట్ డిజైన్ మార్చితే వద్దని 12 లక్షల పైచిలుకు సంతకాలు పడ్డాయి. రోజూ వాడేవాళ్లు 19.1 కోట్ల నుంచి 18.8కి, తర్వాత 18.6కి జారారు. అది తట్టుకుని నిలబడింది. డిగ్ నిలబడలేదు. 2010 ఆగస్టు వెర్షన్‌లో నచ్చనిదాన్ని తొక్కేసే బటన్ తీసేస్తే, వాడేవాళ్లు మొదటి పేజీని పోటీదారు రెడిట్ లింకులతో నింపేశారు. 2012లో బీటావర్క్స్ అనే కంపెనీ ఆ సైటును దాదాపు 5 లక్షల డాలర్లకు కొన్నదని వార్తలొచ్చాయి. స్నాప్‌చాట్ వాడే పిల్లలకు స్నేహితులంతా అక్కడే ఉన్నారు, అలిగినా ఎక్కడికి పోతారు? డిగ్ వాళ్లకు పక్కిల్లు తలుపు తీసే ఉంది.

మా ఆస్పత్రులకు పక్కిల్లు అంత దగ్గర కాదు, ఒప్పందాలు ఏడాదివి. అందువల్ల మాకు ఇంకో మాయ జరిగింది. మొదటి మూడు నెలలు ఒక్క కస్టమరూ వదిలిపోలేదు. పైగా డాష్‌బోర్డులో ఒక గీత పైకి లేచింది: ఒక్కొక్కరు మా సాఫ్ట్‌వేర్‌లో గడిపే సగటు సమయం. ‘వాడకం పెరిగింది’ అని దాన్ని అందరికీ మెయిల్ పెట్టారు. పెరగదా మరి? బిల్లుకు పట్టే సమయం పెరిగితే ఆ గీత పెరగక ఏం చేస్తుంది! ఆ మెయిల్‌కి నేను జవాబు రాసి, పంపకుండా చెరిపేశాను. అది ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

కౌంటర్‌లో కూర్చునేవాళ్లు ఒప్పందాల మీద సంతకం పెట్టరు. వాళ్ల గోడు సూపర్‌వైజర్‌కి, ఆయన గోడు మేనేజర్‌కి, అక్కణ్ణుంచి సంతకం పెట్టే మనిషికి చేరడానికి నెలలు పడుతుంది. చేరాక మాత్రం తిరుగులేదు. పదకొండో నెలలో రెండు పెద్ద ఆస్పత్రులు ఒప్పందం రెన్యువల్ చేసుకోబోమన్నాయి. అందులో ఒకటి కొత్త సాఫ్ట్‌వేర్ కోసం పిలిచిన టెండర్ కాగితం మా సేల్స్ వాళ్ల చేతికొచ్చింది. మూడో పేజీలో ఒక షరతు: బిల్లింగ్ పనులన్నీ మౌస్ ముట్టుకోకుండా చేయగలగాలి.

అప్పటికి మేం ఎఫ్ ఫోర్ తిరిగి పెట్టి చాలా నెలలైంది. ఫోన్ వచ్చిన అయిదో వారంలోనే పెట్టేశాం, కొత్త తెర మీదే, పాత షార్ట్‌కట్‌లన్నీ పనిచేసేలా. ఒక డెవలపర్, తొమ్మిది రోజులు. ఈ తొమ్మిది రోజుల లెక్క రెన్యువల్ మీటింగులో చెప్పాను. ఎవరూ ఏమీ అనలేదు. అవతలివాళ్ల నమ్మకం అప్పటికే పోయింది, షార్ట్‌కట్‌లు తిరిగొచ్చాయని వాళ్లకు చెప్పే ప్రయత్నం కూడా మేం సరిగ్గా చేయలేదు.

ఆ అప్‌డేట్ వెళ్లిన రోజు మాత్రం నేనే ఆవిడకు ఫోన్ చేశాను. మెచ్చుకుంటుందని చిన్న ఆశ, అబద్ధమెందుకు.

“ఆ, వచ్చిందండీ ఎఫ్ ఫోర్,” అంది. కీబోర్డు టకటక వినిపిస్తూనే ఉంది. “ఎఫ్ నైన్ కొడితే మాత్రం ఇంకా అడుగుతోంది, ఖచ్చితంగానా అని. ఖచ్చితం కాకపోతే ఎందుకు కొడతానండీ?”

ఫోన్ పెట్టేసి డెవలపర్లకు టికెట్ రాశాను.