రిసెషన్‌లో చేతికొచ్చిన పైలట్ లైసెన్సు

ఈ మధ్య మా గుంటూరు వైపు నుంచి వరసగా ఫోన్లు వస్తున్నాయి. అబ్బాయి పైలట్ అవుతానంటున్నాడు, అమెరికా పంపిస్తే ఎంతవుతుంది, ఏ స్కూలు మంచిది అని. ఎంతవుతుందో ఎవరైనా చెప్తారు. కోర్సు అయిపోయి బయటికొచ్చేసరికి మార్కెట్ ఎలా ఉంటుంది, బాగా లేకపోతే రెండు మూడేళ్లు ఏం పెట్టుకుని బతకాలి అన్నది మాత్రం ఎవరూ అడగరు. నాకు తెలిసింది ఆ రెండోదే కాబట్టి రాస్తున్నాను.

నేను ఫ్లోరిడాలో ఫ్లయింగ్ మొదలుపెట్టింది 2007లో. పైలట్లు దొరకడం లేదని ఇండియాలోనూ గోల, అమెరికాలోనూ గోల. ఇండియాలో స్పైస్‌జెట్, గోఎయిర్, కింగ్‌ఫిషర్, ఇండిగో కొద్ది కాలంలోనే ఒకదాని వెనక ఒకటి వచ్చాయి, కెప్టెన్లు చాలక విదేశాల నుంచి తెచ్చుకుంటున్నారు. అమెరికాలో రీజనల్ ఎయిర్‌లైన్లు, అంటే దగ్గరి ఊళ్లకు చిన్న విమానాలు నడిపేవి, కొన్ని వందల గంటలు మాత్రమే ఎగిరిన కుర్రాళ్లను కూడా తీసుకుంటున్నాయి. నాన్న ఇల్లు తాకట్టు పెట్టి లోన్ తీశారు. బ్యాంకు మేనేజరు కూడా, పైలట్ ఉద్యోగం కదా, ఏడాదిలో తీర్చేస్తాడండీ అన్నాడట.

తర్వాతి ఏడాది అంతా తలకిందులైంది. 2008 మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో వారం తిరక్కుండా అలోహా, ఏటీఏ, స్కైబస్ అనే మూడు అమెరికా ఎయిర్‌లైన్లూ మూతపడ్డాయి. జులైలో క్రూడ్ బ్యారెల్ 147 డాలర్లకు చేరింది. సెప్టెంబరులో లేమన్ బ్రదర్స్ బ్యాంకు దివాలా తీసింది. అంతకుముందు డిసెంబరులోనే అమెరికాలో ఎయిర్‌లైన్ పైలట్ల రిటైర్మెంట్ వయసు 60 నుంచి 65కి పెంచారు, అంటే పైన ఖాళీ అవ్వాల్సిన సీట్లు ఇంకో అయిదేళ్లు ఖాళీ కావు. యునైటెడ్ ఎయిర్‌లైన్స్ ఒక్కటే 1,400 మందికి పైగా పైలట్లను ఇంటికి పంపింది. మా మీద పడిన ఇంకో దెబ్బ గురించి ఎవరూ మాట్లాడరు, అది రూపాయి. 2008 మొదట్లో డాలరు 40 రూపాయల లోపే ఉండేది, ఏడాది తిరిగేసరికి 50 దాటింది. స్కూలు ఒక్క డాలరు కూడా పెంచలేదు, అయినా ఇంట్లో 4 లక్షలు అనుకున్న వాయిదా 5 లక్షలైంది. అమ్మ గాజుల సంగతి నాకు చాలా కాలం తర్వాత తెలిసింది.

ఉద్యోగాలు లేవు కాబట్టి ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్ చేసి అదే స్కూల్లో చేరాను. వీసా అంతవరకే ఒప్పుకునేది, బయట ఇంకే పనీ చెయ్యడానికి లేదు. జీతం గంటకి పద్దెనిమిది డాలర్లు. వినడానికి బాగానే ఉంటుంది కానీ అది హోబ్స్ మీటర్ తిరిగిన గంటలకే, అంటే ఇంజిన్ నడిచిన సేపటికే. బోర్డు మీద గీసి పాఠం చెప్పింది, వాతావరణం కోసం కూర్చున్నది, విమానం రిపేరులో ఉంటే ఎదురుచూసింది, దేనికీ డబ్బులు లేవు. పొద్దున ఆరింటికి ర్యాంప్ మీద ఉండేవాణ్ణి. సెస్నా 172 రెక్కల కింద డ్రెయిన్ నుంచి చిన్న ప్లాస్టిక్ కప్పులోకి పెట్రోలు పట్టి వెలుతురుకి ఎత్తి చూడాలి. 100ఎల్ఎల్ అనే ఆ విమానం పెట్రోలు లేత నీలంగా ఉంటుంది, నీళ్లు కలిస్తే కప్పు అడుగున రంగు లేకుండా విడిగా నిలబడతాయి. కొత్త స్టూడెంట్‌కి ఇది ఓపిగ్గా చూపించేవాణ్ణి, కానీ ఒక కన్ను ఆకాశం మీదే ఉండేది. ఎండాకాలంలో అక్కడ రెండు తీరాల నుంచి వచ్చే సముద్రపు గాలి మధ్యలో కలిసి, మధ్యాహ్నం అయ్యేసరికి ఉరుముల మేఘాలు లేచి నిలబడతాయి. అవి లేచాయంటే ఆ పూట ఫ్లయిట్లన్నీ క్యాన్సిల్. ఆ నెల అద్దెలో నా వాటా ఎలా కట్టాలన్నది ఆ మేఘాలే తేల్చేవి. ఒకే అపార్ట్‌మెంట్లో అయిదుగురం ఉండేవాళ్లం, ఇద్దరు తెలుగువాళ్లం. బియ్యం, కందిపప్పు, గుడ్లు, ఇవి ఉంటే చాలు గడిచిపోయేది.

ఆ రోజుల్లోనే ఎయిర్‌లైన్ నుంచి ఫర్లో అయిన, అంటే పని లేదని జీతం లేకుండా ఇంటికి పంపిన, ఒక పెద్దాయన మా స్కూల్లో ఇన్‌స్ట్రక్టర్‌గా చేరాడు. యాభై దాటినాయన, జెట్‌లు నడిపినాయన, మళ్లీ సెస్నాలో కుడి సీట్లో కూర్చుని ల్యాండింగులు నేర్పేవాడు. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత కూడా ఒకసారి ఇలాగే ఇంటికి పంపారట. నాకు ఆయన చెప్పిన మాట ఒకటుంది: లాగ్‌బుక్‌లో, అంటే ఎగిరిన గంటలు రాసుకునే పుస్తకంలో, పూర్తిగా ఖాళీ నెల అంటూ ఉండనివ్వకు, తర్వాత ఇంటర్వ్యూలో వాళ్లు ముందు చూసేది ఆ ఖాళీనే. నాకు తెలిసి ఈ వృత్తిలో ఇంతకంటే పనికొచ్చే సలహా లేదు.

ఎందుకంటే మన డిగ్రీ సర్టిఫికెట్‌లా పైలట్ లైసెన్సు బీరువాలో పెట్టుకుంటే ఉండేది కాదు. అమెరికా రూల్స్ ప్రకారం మనుషుల్ని ఎక్కించుకోవాలంటే గడిచిన 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగులు ఉండాలి. ఇన్‌స్ట్రుమెంట్ మీద, అంటే బయట కనిపించనప్పుడు పరికరాలు చూసుకుంటూ ఎగరాలంటే, ఆరు నెలల్లో ఆరు అప్రోచ్‌లు, అంటే అలా పరికరాలతోనే రన్‌వే వైపు దిగి రావడాలు. మెడికల్ సర్టిఫికెట్‌కి గడువు, అప్పట్లో ఇన్‌స్ట్రక్టర్ సర్టిఫికెట్‌కీ రెండేళ్ల గడువు ఉండేది. సాఫ్ట్‌వేర్ ఫ్రెండ్స్ బెంచ్ మీద ఉన్నప్పుడు ఇంట్లో కూర్చుని కొత్త కోర్సు చదువుకున్నారు, మాకు చేతిలో ఉన్నది పోకుండా కాపాడుకోవడానికే డబ్బులు కావాలి. ఉద్యోగం లేనప్పుడే ఎక్కువ ఖర్చు పెట్టాల్సి రావడం, మనిషిని లోపల్నుంచి తినేసేది అదే. మాతో చదివినవాళ్లలో తెలివైనవాళ్లే ఇద్దరు ఆ ఖర్చు భరించలేక వేరే దారి చూసుకున్నారు. వాళ్లకి ఏ లోటూ లేదు, కాలమే కలిసిరాలేదు.

వీసా గడువు అయ్యాక ఇండియా వచ్చాను. అమెరికా లైసెన్సు ఇండియాలో నేరుగా చెల్లదు, మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పెట్టే పరీక్షలు రాయాలి, మళ్లీ మెడికల్, రేడియో లైసెన్సు, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ చెక్. అప్పటికే లైసెన్సు చేతిలో పట్టుకుని ఉద్యోగాల కోసం చూస్తున్నవాళ్లు దేశమంతా ఉన్నారు. చుట్టాల పెళ్లిళ్లకు వెళ్తే, ఏరా ఇంకా విమానం ఎక్కలేదా అని మామయ్యలు అడిగేవాళ్లు. 2011లో మళ్లీ విమానాల ఆర్డర్లు మొదలయ్యాక నాకూ పిలుపొచ్చింది. రాత పరీక్ష, సిమ్యులేటర్ చెక్ అయ్యాక లాగ్‌బుక్ తిరగేసిన కెప్టెన్ అడిగిన మొదటి ప్రశ్న, ఆ మాంద్యంలో ఇన్ని ఇన్‌స్ట్రక్షన్ గంటలు ఎలా వచ్చాయి అని.

ఇప్పుడు గల్ఫ్‌లో ఎగురుతున్నాను. 2020లో మళ్లీ అదే చూశాను. ఈసారి ఉద్యోగంతో పాటు రెసిడెన్స్ వీసా కూడా పోయిన మిత్రులు పిల్లల స్కూలు మధ్యలో మాన్పించి సామాన్లు సర్దుకుని వెళ్లిపోయారు.

కాబట్టి ఫోన్ చేసినవాళ్లకు చెప్పేది ఇదే. మార్కెట్ పడిపోయిందని అబ్బాయిని ఆపొద్దు, ట్రైనింగ్, పరీక్షలు, లైసెన్సు మార్పిడి కలిపి రెండు మూడేళ్లు పడుతుంది, పడినప్పుడు చేరినవాళ్లు లేచేటప్పుడు బయటికొచ్చే అవకాశమే ఎక్కువ. నాలా అందరూ ఎగబడుతున్నప్పుడు చేరితేనే ఇంకొంచెం ఆలోచించాలి. ఫీజు మొత్తం ఒకేసారి కట్టొద్దు. 2008 ఫిబ్రవరిలో సిల్వర్ స్టేట్ హెలికాప్టర్స్ అనే పెద్ద స్కూలు రాత్రికి రాత్రి మూతపడి, ముందే కట్టినవాళ్లు కోర్సూ డబ్బూ రెండూ పోగొట్టుకున్నారు. ఉద్యోగం ఖాయం కాకుండా సొంత డబ్బుతో టైప్ రేటింగ్, అంటే ఫలానా మోడల్ జెట్ నడిపే అర్హత, చెయ్యొద్దు, లక్షలు పోసి చేశాక ఎగరకపోతే అదీ పాతబడుతుంది. కోర్సు ఖర్చుకి లోన్ లెక్కేసేటప్పుడు, తర్వాత లైసెన్సు బతికించుకోవడానికి అయ్యే రెండేళ్ల ఖర్చు కూడా కలిపే లెక్కెయ్యండి, డాలరు ఇంకో పది రూపాయలు పెరుగుతుందనే అనుకుని. ఇవన్నీ మొదలుపెట్టే ముందు క్లాస్ వన్ మెడికల్ చేయించండి. కళ్లలోనో, గుండెలోనో, చెవిలోనో ఏదైనా తేడా ఉంటే ఇల్లు తాకట్టు పెట్టకముందే తెలుస్తుంది.