కరెంటు పెట్టించుకున్న 30 ఏళ్ల తర్వాత

రేడియోథెరపీ విభాగంలో మెడికల్ ఫిజిసిస్టుగా, అంటే కిరణాల మోతాదును లెక్కగట్టే ఉద్యోగినిగా పనిచేస్తున్న నేను, మన వాళ్లు ఈ వైద్యాన్ని "కరెంటు పెట్టడం" అనడం రోజూ వింటూనే ఉంటాను. కొంతకాలం క్రితం 50 ఏళ్లు దాటిన ఒకావిడ రొమ్ములో గడ్డతో మా దగ్గరకు వచ్చి, తనకు 19వ ఏట హాడ్జ్‌కిన్ లింఫోమా అనే లింఫు గ్రంథుల క్యాన్సర్ వచ్చిందనీ, "మెడకీ, చంకలకీ, ఛాతీకీ నెల రోజులు కరెంటు పెట్టారమ్మా" అనీ చెప్పారు. ఇన్నేళ్లూ ఆమె ప్లాస్టిక్ కవరులో భద్రంగా దాచుకున్న కాగితంలో, రేడియేషన్ పూర్తయిందన్న ఒక్క ముక్క తప్ప, ఎంత మోతాదు ఇచ్చారో, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఇచ్చారో ఒక్క అక్షరమూ లేదు.

ఆమె చేత్తో చూపించిన మేరను బట్టి అది మాంటిల్ ఫీల్డ్ అయి ఉండాలి. జబ్బు కనిపించిన గ్రంథులకే కాక, మెడ, చంకలు, ఛాతీ నడుమ ఉన్న లింఫు గ్రంథులన్నింటికీ కలిపి సుమారు 40 గ్రేల (కిరణాల మోతాదును గ్రేలలో కొలుస్తాం) మోతాదు ఇచ్చే పద్ధతి అది. ఊపిరితిత్తులకు సీసపు దిమ్మలు అడ్డం పెట్టినా, రొమ్ములో కొంత భాగం కిరణాల దారిలోనే ఉండిపోయేది. ఆ పద్ధతిని నేను తప్పు పట్టలేను, ఎందుకంటే అంతకు ముందు ప్రాణం తీసే జబ్బు యువతీయువకుల్లో నయం కాసాగింది దానివల్లనే. అయితే అలా బతికినవారిని దశాబ్దాల పాటు గమనించిన నెదర్లాండ్స్ పరిశోధకులు 2015లో ప్రచురించిన లెక్కలు చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. 1965 నుంచి 2000 వరకు చికిత్స పొంది, కనీసం 5 ఏళ్లు బతికిన 3,905 మందిలో, 40 ఏళ్లు గడిచేసరికి రెండో క్యాన్సర్, అంటే పాతది తిరగబెట్టడం కాక కొత్తగా మరో క్యాన్సర్, వచ్చే అవకాశం 48.5 శాతంగా తేలింది. చంకలను వదిలేసి ఛాతీకి ఇచ్చిన స్త్రీలలో మాత్రం, మాంటిల్ ఫీల్డ్ పొందినవారితో పోలిస్తే, రొమ్ము క్యాన్సర్ చాలా తక్కువగా కనిపించింది. కిరణాల హద్దు కొన్ని అంగుళాలు జరిగితే ఒక మనిషి తర్వాతి జీవితం ఎంతగా మారుతుందో ఇంతకంటే స్పష్టంగా చెప్పే లెక్క నేను చూడలేదు.

కిరణాలు తగిలిన కణం చనిపోతే దానితో బెడద ఉండదు. జన్యు పదార్థం దెబ్బతిని కూడా బతికిపోయిన కణంతోనే చిక్కు, ఏళ్ల తర్వాత అదే కొత్త క్యాన్సర్‌కు మొదలు కావచ్చు. అందుకే, కణితిని చక్కగా చుట్టుముట్టే ఐఎంఆర్‌టీ వంటి కొత్త పద్ధతులు వచ్చాక ఈ భయం పూర్తిగా తీరిపోయిందని అనుకోవడానికి లేదు. అనేక దిక్కుల నుంచి కిరణాలు పంపడం వల్ల పక్క అవయవాలకు ఎక్కువ మోతాదు తగలడం తగ్గుతుంది గానీ, శరీరంలో చాలా మేరకు కొద్దికొద్దిగా కిరణాలు తగులుతాయి. యంత్రం ఎక్కువసేపు నడవడం వల్ల దాని తల నుంచి కారే కిరణాలూ పెరుగుతాయి. 10 ఏళ్లు బతికినవారిలో రెండో క్యాన్సర్ ముప్పు ఈ కారణంగా 1 శాతం నుంచి 1.75 శాతానికి చేరవచ్చని 2003లోనే ఒక అంచనా వచ్చింది. పెరుగుతున్న కణాలు, చిన్న శరీరం, ముందున్న సుదీర్ఘ ఆయుష్షు కారణంగా పసిపిల్లల విషయంలో ఈ లెక్క మరింత బరువైనది. నిర్ణీత లోతులో ఆగిపోయే ప్రోటాన్ కిరణాలు వారికి ఎక్కువ మేలు చేస్తాయి. మన పొరుగున చెన్నైలో 2019 నుంచి ఆ చికిత్స అందుతోంది, ఖర్చు మాత్రం సామాన్యులు భరించగలిగేది కాదు.

ఇదంతా చదివి, ఇప్పుడు చికిత్సలో ఉన్నవారెవరూ సిట్టింగులు మానుకోకూడదని చేతులెత్తి వేడుకుంటున్నాను. రేడియేషన్ పొందిన పెద్దవారిపై అమెరికాలో జరిగి 2011లో వెలువడిన ఒక భారీ అధ్యయనం ప్రకారం, వారికి వచ్చిన రెండో క్యాన్సర్లలో దాదాపు 8 శాతానికి మాత్రమే రేడియేషన్‌తో సంబంధం ఉండవచ్చు. చేతిలో ఉన్న జబ్బును వదిలేయడం అంతకంటే ఎన్నో రెట్లు ప్రమాదకరం.

నా బాధ ఆ కాగితం గురించి. రొమ్మును నిలుపుకొనే శస్త్రచికిత్స చేస్తే తర్వాత మళ్లీ రేడియేషన్ ఇవ్వాల్సి ఉంటుంది, పాత మోతాదు తెలియకుండా అదే చోట మళ్లీ ఇవ్వడానికి ఎవరూ సాహసించరు. అప్పట్లో కిరణాల హద్దుకు గుర్తుగా పెట్టి, ఆమె ఛాతీ మీద మిగిలి ఉన్న చిన్న పచ్చబొట్టు చుక్కలను కొలిచి, పాత హద్దులను మేం ఊహించగలిగాం గానీ, మోతాదును ఊహించలేకపోయాం. చివరికి రొమ్మును పూర్తిగా తీసేయవలసి వచ్చింది. చిన్న వయసులో ఛాతీకి రేడియేషన్ పొందిన అమ్మాయిలకు, చికిత్స అయిన 8 ఏళ్లకు గానీ 25వ ఏట గానీ, ఏది తర్వాత వస్తే అప్పటి నుంచి, ఏటా ఎమ్మారై, మామోగ్రామ్ చేయించాలని ఇప్పుడు నిపుణులు సూచిస్తున్నారు. ఆమెకు ఆ మాట ఎవరూ చెప్పలేదు.

అప్పటి నుంచి, 30 ఏళ్ల లోపు వారెవరికైనా చివరి సిట్టింగు అయిన రోజున, మొత్తం మోతాదు, ఎన్ని సిట్టింగులు, ఏ తేదీల మధ్య, ఏ యంత్రం మీద అన్న వివరాలతోపాటు కిరణాలు పడిన మేరను చూపే బొమ్మను కూడా ఒక పేజీలో అచ్చు వేసి, ఫోనులో ఫోటో తీసుకోమని చెప్పి మరీ చేతికిస్తున్నాను.