హిరణ్యకశిపుడికీ ఒక కవల ఉండేవాడు

నరసింహ జయంతి అంటే మా ఇంట్లో ఉపవాసం. పొద్దంతా ఏమీ ముట్టకుండా ఉండి, అసురసంధ్య వేళకి స్వామికి పానకం, వడపప్పు నైవేద్యం పెట్టి అప్పుడు తినాలి. వైశాఖ శుద్ధ చతుర్దశికి కర్నూలులో ఎండ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. చిన్నప్పుడు నేనూ మా అన్నా ఆ పానకం ముందే దొంగతనంగా తాగేసి, ఒకడి మీద ఒకడు చెప్పుకునేవాళ్లం. అమ్మ మొహం చూస్తే ఎవరో గుర్తుపట్టేది, వీపు చూసి మాత్రం పట్టలేకపోయేది. అందుకే తాగేటప్పుడు వీపు అటు తిప్పేవాళ్లం.

మేమిద్దరం కవలలం, అచ్చుగుద్దినట్టు ఒకటే. ఎనిమిది నిమిషాలు ముందు పుట్టాడు కాబట్టి వాడు పెద్దోడు, నేను చిన్నోడు. అవ్వ మాత్రం ఒప్పుకునేది కాదు. "లోపలికి ముందు పోయినోడు ఎనక వస్తాడు, చిన్నోడే పెద్దోడు" అనేది. ఒకే పిండం రెండుగా చీలితే ఇక ముందేంది, వెనకేంది అని డిగ్రీ చదివే రోజుల్లో వాదించాను. అవ్వ వింటేనా! చాలా ఏళ్లకు భాగవతంలో అవ్వ వాదనే కనపడింది. దితికి పుట్టింది కవలలు. ముందు బయటికొచ్చినవాడు హిరణ్యాక్షుడు, ముందు గర్భంలో పడ్డవాడు హిరణ్యకశిపుడు. అంటే అవ్వ లెక్కలో నేను హిరణ్యకశిపుణ్ణి.

పోయిన కార్తీకంలో పెద్దోడు పోయాడు. గుండెపోటు. 43 ఏళ్లు.

పదకొండో రోజు అయ్యాక ఇన్సూరెన్స్ కాగితాల కోసం వాడి ఫోన్ కావాల్సొచ్చింది. లాక్ ఎలా తీయాలో వదినకు తెలియదు. చేతిలోకి తీసుకుని చూశానో లేదో, తెరుచుకుంది. నా మొహం చూసి వాడే అనుకుంది. పక్కనే ఉన్న వదిన ఏమీ అనకుండా లేచి వంటింట్లోకి పోయింది. లోపల ఇంకో యాప్ వేలిముద్ర అడిగింది. పెట్టాను, ఒప్పుకోలేదు. కవలలకైనా వేలిముద్రలు కలవవు, కడుపులో ఉండగానే వేరువేరుగా పడతాయి. తెలిసీ నాలుగైదుసార్లు పెట్టి చూశాను.

కొండారెడ్డి బురుజు దగ్గర టీ అంగడాయన నన్ను చూసినప్పుడల్లా "పెద్దోడా, చిన్నోడా?" అని అడిగేవాడు. ఏళ్ల తరబడి ఆ ప్రశ్నకు విసుక్కున్నాను. ఇప్పుడు అడగడు. గ్లాసు చేతికిచ్చి అటు తిరుగుతాడు. "చిన్నోణ్ణి" అని చెప్పుకోవడంలో "పెద్దోణ్ణి కాదు" అనేదే సగమని అప్పుడు తెలియలేదు. ఆ సగం పోయాక మిగిలింది ఎవరో నాకే అర్థం కాలేదు.

హరికథల్లో హిరణ్యకశిపుడి కథ దాదాపు స్తంభం దగ్గరికే పరుగెడుతుంది. దానికి ముందు, సప్తమ స్కంధం రెండో అధ్యాయంలో, అతను తమ్ముణ్ణి పోగొట్టుకున్నవాడు. వరాహస్వామి చేతిలో హిరణ్యాక్షుడు చనిపోయాక, దుఃఖంతోనే తర్పణాలు వదిలి, తమ్ముడి పిల్లల్నీ, మరదల్నీ, తల్లి దితినీ ఓదార్చాడు. తల్లితో అన్న మాట ఇది:

"భూతానామిహ సంవాసః ప్రపాయామివ సువ్రతే"

అమ్మా, లోకంలో జీవులు కలిసి ఉండటం చలివేంద్రం దగ్గర కలిసినట్టే. కుండలో నీళ్లు ముంచుకుని తాగుతాం, నీడలో నాలుగు మాటలు అనుకుంటాం, దాహం తీరాక ఎవరి దారి వారిది. రాయలసీమ ఎండలో నడిచినవాడికి ఇంతకంటే బాగా చెప్పలేరు. కానీ నాకు ఈ శ్లోకంతో ఒక పేచీ ఉంది. చలివేంద్రానికి ఎవరి దారిన వాళ్లొస్తారు. మేం వచ్చిందే కలిసి కదా.

ఆ మాటలతో దితి కాస్త కుదుటపడింది. చెప్పినవాడు మాత్రం కుదుటపడలేదు. మందర పర్వతానికి పోయి, కాలి బొటనవేళ్ల మీద నిలబడి, చేతులెత్తి, చీమలు ఒళ్లు తినేసేదాకా తపస్సు చేశాడు. చావు లేనివాడు కావాలి, "అప్రతిద్వంద్వుడు" కావాలి. ఎదురు నిలిచేవాడు లేనివాడని దానికి అర్థం. ద్వంద్వం అంటే జంట కూడా కాబట్టి నాకు అది వేరేగా వినిపిస్తుంది. పండితులు నవ్వుకున్నా సరే. అందరినీ ఓదార్చినవాణ్ణి కూర్చోబెట్టి ఓదార్చినవాళ్లు ఆ అధ్యాయంలో ఒక్కరూ లేరు.

మా ఇంట్లో నేనూ అదే పని చేశాను. అమ్మకు, వదినకు, వచ్చిన చుట్టాలకు నేనే ధైర్యం చెప్పాను. ఆ తర్వాత ఆర్నెల్లు నా కొడుకు మీద అరిచాను. చెప్పులు అడ్డంగా విడిచాడని, అన్నం వదిలేశాడని. వాడు నా అడుగుల చప్పుడు వింటే పుస్తకం తీయడం మొదలుపెట్టాడు. ప్రహ్లాదుడి ఇంట్లో ఏం జరిగి ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది.

ఈసారి జయంతికి వాణ్ణి తీసుకుని అహోబిలం పోయాను. 2022 నుంచి అది నంద్యాల జిల్లా, మా నోటికి మాత్రం ఇంకా కర్నూలు అహోబిలమే. ఎండ ఎక్కకముందే జ్వాలా నరసింహుడి దారి పట్టాం. ఆ కొండల్లోనే వరాహ నరసింహుడు కూడా ఉన్నాడు. తమ్ముణ్ణి చంపిన రూపమూ అన్నను చంపిన రూపమూ ఒకే అడవిలో. వాడు మెట్లు లెక్కపెట్టుకుంటూ ముందు నడిచాడు. చాలా రోజుల తర్వాత నా పక్కన అంత సేపు ఉన్నాడు.

పైన ఎనిమిది చేతుల స్వామి. వాడు కాసేపు చూసి గుసగుసగా అడిగాడు. "నాన్నా, ఆయన కూర్చున్నాడా, పడుకున్నాడా?"

"పడుకున్నాడు."

"స్వామి ఒళ్లోనా?"

"ఆ, ఒళ్లోనే."

చిన్నప్పటి నుంచి ఆ విగ్రహంలో నేను గోళ్లు చూశాను, పేగులు చూశాను. ఒడి చూడలేదు. తమ్ముడు పోయినప్పటి నుంచి ఎక్కడా తల వాల్చనివాడు చివరికి ఒకరి తొడ మీద వాలాడు. చంపడానికే కావచ్చు. నాకు మాత్రం అక్కడ కళ్లనీళ్లు ఆగలేదు. కార్తీకం నుంచి అదే మొదటిసారి. వాడు నా చొక్కా అంచు పట్టుకుని నిలబడ్డాడు.

దిగి వచ్చి, సాయంత్రం ఎగువ గుడిలో అర్చనకు నిలబడ్డాం. ఇదివరకు మా ఇద్దరిలో ఎవరు ముందుంటే వాడు రెండు పేర్లూ ఒకే ఊపిరిలో చెప్పేసేవాడు. పెద్దోడి పేరు, వెంటనే నాది. అర్చకులు గోత్రం అడిగారు, చెప్పాను. పేరు అడిగారు. నాది చెప్పి ఆగాను. "ఇంకా?" అన్నారు. నా భార్య పేరు, కొడుకు పేరు, వదిన పేరు, అన్న కూతురి పేరు చెప్పాను. ఆయన వరుసగా చదివారు. ఇన్నేళ్లూ రెండోదిగా వినిపించిన నా పేరు ముందొచ్చింది. ఎవరిదో పేరు విన్నట్టు విన్నాను.