సియోల్‌లో ఉద్యోగం, తార్నాకలో క్లాసు

సియోల్‌లో నేనేం పని చేస్తానో చెప్తే ఎవరూ ఒక పట్టాన నమ్మరు. ఇంటి ఓనరమ్మ చాలా కాలం నన్ను ఇంగ్లీషు టీచర్ననే అనుకుంది. హైదరాబాద్‌లో మా పెద్దమ్మ అయితే ఇప్పటికీ "మా అమ్మాయి కొరియాలో సాఫ్ట్‌వేరు" అనే చెప్తుంది, సరిదిద్దడం ఎప్పుడో మానేశాను. నిజానికి నేను కొరియన్‌ని విదేశీయులకి నేర్పబోయే టీచర్లకి ట్రైనింగ్ ఇచ్చే చోట పనిచేస్తాను. వాళ్లు రాసుకొచ్చిన లెసన్ ప్లాన్లు దిద్దడం, డెమో క్లాసులు వీడియో తీయడం, తర్వాత వాళ్ల పక్కన కూర్చుని ఆ వీడియో ఆపి ఆపి చూపించడం. కొరియన్ ఎలా నేర్పాలో తెలుగమ్మాయి చెప్పడమేంటని మొహం మీదే అడిగినవాళ్లున్నారు. ట్రైనింగ్‌కి వచ్చేవాళ్లలో వియత్నాం, మంగోలియా, ఉజ్బెకిస్తాన్ వాళ్లూ ఉంటారు, వాళ్లు మాత్రం ఆ ప్రశ్న అడగరు.

ఇక్కడి యూనివర్సిటీల భాషా కేంద్రాల్లో టర్మ్ అంటే మామూలుగా 10 వారాలు, రోజుకి 4 గంటల చొప్పున 200 గంటలు, ఏడాదికి నాలుగు టర్ములు. మధ్యలో దొరికే ఖాళీల్లో హైదరాబాద్ వస్తాను. వచ్చినప్పుడు తార్నాకలో ఒక ఫ్రెండ్ వాళ్ల మేడ మీద గదిలో, ఊళ్లో కొరియన్, చైనీస్ చెప్పే కొత్త టీచర్లతో కూర్చుంటాను. మిగతా రోజుల్లో ఆన్‌లైన్. మూడున్నర గంటల తేడా కాబట్టి వాళ్లకి సాయంత్రం ఏడైతే నాకు రాత్రి పదిన్నర, పొద్దున్నే ఆఫీసు ఉంటుందని వాళ్లకి ఎంత చెప్పినా గుర్తుండదు.

తార్నాక అనగానే ఇఫ్లూ, అదే ఇంగ్లీషు, విదేశీ భాషల యూనివర్సిటీ, గుర్తొస్తుంది కదా. 1958లో అది సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌గా మొదలైంది, ముఖ్యంగా ఇంగ్లీషు టీచర్లకి శిక్షణ ఇవ్వడం కోసం. 1972లో మిగతా విదేశీ భాషల్నీ కలుపుకుని పేరు మార్చుకుంది. అంటే విదేశీ భాష చెప్పేవాళ్లకి చెప్పడం ఎలాగో నేర్పాలి అనే ఆలోచన ఈ ఊరికి కొత్తది కాదు. ఇంగ్లీషుకి అంత ముందే వచ్చిన ఆలోచన, కొరియన్, చైనీస్ చెప్పే ప్రైవేటు సెంటర్ల దాకా ఇంకా రాలేదు, అంతే. ఇక్కడ టోపిక్ అనే కొరియన్ భాషా పరీక్షలో లెవెల్ 5 వస్తే చాలు, సోమవారం నుంచి బ్యాచ్ తీసుకోమంటారు. టోపిక్‌లో వినడం, చదవడం, రాయడం ఉంటాయి. మాట్లాడే పరీక్ష 2022లో వచ్చింది, అదీ విడిగా రాసుకోవాల్సిందే. కాబట్టి నోరు తెరవకుండానే అన్నిటికన్నా పైది, లెవెల్ 6, తెచ్చుకోవచ్చు. నోరు తెరిపించడమే పనైన ఉద్యోగానికి దాన్ని అర్హతగా పెట్టుకుంటే ఎలా?

కొరియాలో కొరియన్ నేర్పే టీచర్ సర్టిఫికెట్‌కి మూడు గ్రేడులున్నాయి. ఆ సబ్జెక్టులో డిగ్రీ చదవకుండా కింది గ్రేడు తెచ్చుకోవాలంటే 120 గంటల కోర్సు చేసి, ఆపైన ఒక పరీక్ష పాసవ్వాలి. ఆ 120లో 20 గంటలు ప్రాక్టికల్. నన్నడిగితే ఆ 20 గంటలే అసలు కోర్సు. అక్కడ లెసన్ ప్లాన్ ఎలా రాయిస్తారంటే, టీచర్ నోటి నుంచి వచ్చే ప్రతి వాక్యం రాయాలి, దానికి స్టూడెంట్ ఏం జవాబిస్తాడో కూడా ఊహించి రాయాలి. లెవెల్ 1 క్లాసులో అప్పటిదాకా నేర్పని వ్యాకరణం టీచర్ నోట రాకూడదు. విషయంలోకి దింపడం, కొత్త రూపం చూపించడం, సాధన, సొంతంగా వాడించడం, ముగింపు, ఐదింటికీ నిమిషాలు వేసుకోవాలి. మొదట్లో నాకూ ఇదంతా మిలిటరీలా అనిపించింది. వీడియోలు చూస్తూ పోయేకొద్దీ తెలిసిందేంటంటే, ప్లాన్‌లో స్టూడెంట్ జవాబు రాయని టీచర్ క్లాసులో కూడా జవాబు కోసం ఆగడు.

ఇక హైదరాబాద్ క్లాసులు. మొన్న వచ్చినప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒకమ్మాయి క్లాసు వెనక బెంచీలో కూర్చుని చూశాను. ఆ పిల్లకి లెవెల్ 6 ఉంది, ఉచ్చారణ వింటే ముచ్చటేస్తుంది. క్లాసంతా తనే మాట్లాడింది. బోర్డు నిండా పట్టికలు, సగం ఇంగ్లీషు, సగం తెలుగు, మధ్యలో ఒక డ్రామా కబుర్లు. స్టూడెంట్లు నవ్వారు, నోట్సు రాసుకున్నారు, ఫొటో తీసుకున్నారు, ఒక్క కొరియన్ వాక్యం మాట్లాడకుండా ఇంటికెళ్లారు. తర్వాత టీ తాగుతూ అదే చెప్తే "అక్కా, నేను మాట్లాడకపోతే క్లాసు ఎట్ల నడుస్తది?" అంది. తప్పు తనది కాదు, తను నేర్చుకున్న క్లాసులూ ఇలాగే నడిచాయి. మనకి చూసిన టీచరే ట్రైనింగ్.

అయితే దీనికి మందుగా సియోల్ పద్ధతిని ఉన్నదున్నట్టు దింపేవాళ్లతో నాకు పేచీ ఉంది. కొరియన్ తప్ప ఇంకో మాట వినపడకూడదని రూలు పెడతారు. ఆ రూలు సియోల్‌లో ఎందుకు పుట్టిందో ఆలోచించాలి కదా. ఒకే గదిలో మంగోలియా అబ్బాయి, బ్రెజిల్ అమ్మాయి, జపాన్ పెద్దాయన ఉంటే అందరికీ తెలిసిన భాష ఇంకోటి లేదు, అందుకని కొరియన్‌లోనే నెట్టుకొస్తారు. దిల్‌సుఖ్‌నగర్ గదిలో అందరికీ తెలుగు వచ్చు. దాన్ని బయట చెప్పులతో పాటు విడిచి రమ్మనడం దేనికి? రెండు నిమిషాలు తెలుగులో చెప్పు, మిగతా టైమంతా కొరియన్‌లో వాళ్లచేత మాట్లాడించు. నిమిషాల లెక్క సియోల్ నుంచి తెచ్చుకోవాలి, నిషేధం అక్కర్లేదు.

ఉదాహరణకి, ఇంగ్లీషువాళ్లని దృష్టిలో పెట్టుకుని రాసిన పుస్తకాలు క్రియ వాక్యం చివర వస్తుందని పేజీలకి పేజీలు చెప్తాయి. మనవాళ్లకి అది చెప్పడమే దండగ, లో, కి, తో అని పదం వెనక తగిలించడం మనకి పుట్టుకతో వచ్చు. పెద్దవాళ్లతో ఒకలా, ఈడువాళ్లతో ఒకలా క్రియ మార్చడమూ కొత్త కాదు. మరి ఎక్కడ తడబడతారు? "ఇంటికి వెళ్లి పడుకున్నా", "అన్నం తిని పడుకున్నా". మనకి వెళ్లి, తిని రెండూ ఒకే మూస. కొరియన్‌లో మొదటిదానికి కాసొ, రెండోదానికి మొక్కొ, అంటే రెండు వేరువేరు ప్రత్యయాలు. మొదటి దాంట్లో వెళ్లిన చోటే పడుకున్నాడు, పనికీ పనికీ ముడి ఉంది, రెండో దాంట్లో ఒకటయ్యాక ఇంకోటి, అంతే. తినడానికి కూడా మొదటి ప్రత్యయమే తగిలిస్తే తిన్నందువల్ల పడుకున్నాననే అర్థం వచ్చేస్తుంది. తెలుగు స్టూడెంట్లు నెలల తరబడి ఇక్కడే తప్పు చేస్తారు, సియోల్ నుంచి వచ్చిన టీచర్‌కి ఎందుకు చేస్తున్నారో అర్థం కాదు. మన టీచర్‌కి అర్థమవ్వాలి, కానీ తను కూడా ఇంగ్లీషు పుస్తకంలోంచే చెప్తోంది కాబట్టి తనకీ తట్టదు. తార్నాక గదిలో నేను ఎక్కువసేపు చేయించేది ఇదే, మీ స్టూడెంట్ల తప్పులు ఒక నోటుబుక్కులో రాసుకురండి, ఏ తప్పు తెలుగు వల్ల వస్తోందో కలిసి చూద్దాం అని.

ఉచ్చారణలో ఇంకా తమాషా. కొరియన్‌లో పుల్ అంటే నిప్పు, ప్ప ఒత్తితే కొమ్ము, ఊపిరి వదిలి పలికితే గడ్డి. మనకి అక్షరాల్లో ఒత్తులున్నాయి గాని, ఫ అక్షరాన్ని ఇంగ్లీషు ఎఫ్ లాగా పలకడం అలవాటైపోయి గడ్డి కాస్తా ఫుల్ బాటిల్ అవుతుంది. పైగా ఈ తరం సియోల్ వాళ్ల నోట్లో నిప్పుకీ గడ్డికీ తేడా ఊపిరిలో కన్నా గొంతు ఎత్తులో ఎక్కువ, గడ్డి పైస్థాయిలో మొదలవుతుంది. ఇది చెప్పకుండా "ఇంకా గట్టిగా ఊదు" అని చెప్తూ ఉంటే ఎవరికీ లాభం లేదు.

చైనీస్ సంగతి చూసుకునేది ఒక అన్న, చైనాలో చదివొచ్చాడు. ఆయన బాధ పిన్యిన్. 1958లో చైనా ఆమోదించిన ఆ రోమన్ లిపిలో బి అని రాసినా పలికేది మన ప కి దగ్గర, పి అని రాస్తే ఊపిరి కలిసిన ప. జి, డి కూడా అంతే. మనవాళ్లు ఇంగ్లీషు చూసినట్టు చూసి బ, గ, డ అనేస్తారు. అందుకని ఆయన మొదటి వారం పిన్యిన్ పక్కన తెలుగు అక్షరాలు రాయిస్తాడు, కొందరు టీచర్లకి అది నామోషీ. చైనీస్‌లో గొంతు ఎత్తుపల్లాలతో మాట అర్థం మారిపోతుంది, వాటినే స్వరాలంటారు. మూడో స్వరం గురించి కూడా ఆయనతో నాకు ఏకాభిప్రాయమే. కిందికి దిగి పైకి లేస్తుందని చార్టు చూపించి పిల్లలచేత ఉయ్యాల ఊగిస్తారు, మామూలు మాటల్లో అది ఎక్కువగా కిందే ఉండిపోతుంది, రెండు మూడో స్వరాలు పక్కపక్కన వస్తే మొదటిది రెండో స్వరం అయిపోతుంది. నీ హావ్ అన్న మొదటి పలకరింపులోనే ఆ సంగతి ఉంది. ఆయన బ్యాచులు మాత్రం పల్చబడ్డాయి. 2020 జాతీయ విద్యావిధానం ఉదాహరణగా ఇచ్చిన విదేశీ భాషల్లో కొరియన్ ఉంది, చైనీస్ లేదు. "రాజకీయాలు మారితే మళ్లీ నా దగ్గరికే వస్తారు చెల్లె" అంటాడు.

ఫీడ్‌బ్యాక్ చెప్పడంలో సియోల్, హైదరాబాద్ రెండూ ఒకటే. అక్కడ వయసులో చిన్నదాన్ని పెద్దాయన క్లాసు గురించి మాట్లాడాలంటే నాలుగు మెప్పులు చెప్పి ఐదోది మెల్లగా జారవిడవాలి. ఇక్కడ నేను ఏమన్నా "అవును మేడమ్" అనేస్తారు, వాదించరు, మర్నాడు పాత పద్ధతే. ఈ మధ్య నేను నోరు మూసుకుని వీడియో పెట్టేసి, ఎవరి క్లాసుకి వాళ్లనే స్టూడెంట్ ఎన్ని వాక్యాలు మాట్లాడాడో గీతలు పెట్టమంటున్నాను. గీతలు చూసుకున్నాక వాళ్లే మాట్లాడతారు, కొందరైతే గట్టిగానే.

అసలు చిక్కు డబ్బు. గంటకింత అని ఇస్తారు, లెసన్ ప్లాన్ రాసిన గంటలకి ఎవరూ ఇవ్వరు, ఒకరి క్లాసు ఒకరు చూసినందుకూ ఇవ్వరు. ఇంకో పక్క 2019లో పెనుకొండ దగ్గర కియా కార్లు బయటికి రావడం మొదలయ్యాక ఆ చుట్టుపక్కల, అటు శ్రీసిటీలో, దుబాసీ పనికి కొరియన్ వచ్చినవాళ్లు కావాలి. రెండేళ్లు కూర్చుని తయారుచేసుకున్న టీచర్ ఫ్యాక్టరీకి వెళ్లిపోతుంది. నాకు కోపం రాదు, ఇంటి అద్దె కట్టాలి కదా, నేను మాత్రం సియోల్‌లో ఎందుకున్నాను? దిల్‌సుఖ్‌నగర్ అమ్మాయి కూడా వెళ్లింది. ఆదివారాలు అక్కడి షిఫ్టు వాళ్లకి కొరియన్ చెప్తోందట, నిన్న రాత్రి లెసన్ ప్లాన్ పంపింది, నట్లు, బోల్టులు, సేఫ్టీ షూస్ అన్నీ ఉన్నాయి, స్టూడెంట్ జవాబుల వరస ఇంకా ఖాళీగానే ఉంది. తిప్పి పంపాను.